మా ఇంటి ఇఫ్ వాక్యాలు

మొన్న ముసురు పట్టిన పొద్దున సూర్యాపేట బస్టాండు బయట నిలబడి కోదాడ వైపు పోయే పల్లెవెలుగు కోసం చూస్తుంటే, గొర్రెలను కిక్కిరిసేలా ఎక్కించుకున్న డీసీఎం వ్యాను ఒకటి సరిగ్గా నా ముందుకు వచ్చి ఆగింది. తడిసిన ఉన్ని వాసన గుప్పున కొట్టింది. నాతో పాటు రోజూ వచ్చే తోటి టీచరమ్మ ‘అబ్బా, ఏం కంపు మేడం’ అంటూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనేమో సిగ్గు లేకుండా గుండెల నిండా పీల్చుకున్నాను. తడి గొంగడి, దొడ్డిలో నానిన పెంట, అప్పుడే ఈనిన గొర్రె పొదుగు, వీటన్నిటి వాసనా కలిస్తే మా ఇల్లు. ఆ రోజు నా సంచీలో పదో తరగతికి చెప్పాల్సిన పాఠం ఉంది, మిక్స్‌డ్ కండిషనల్స్. ఇంగ్లీషు వ్యాకరణానికీ గొర్రెల వాసనకూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే సాయంత్రం, ఒకే గడపలో కలిశాయి.

మా ఊరు నిడమనూరుకు దగ్గరలో, సాగర్ ఎడమ కాలువ గట్టుకు కిందుగా ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది లెండి, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. వానాకాలం వస్తే దొడ్డిలో గొర్రెల గిట్టల కింద బురద చిక్కబడి, ఆ వాసన వంటింటి దాకా వచ్చి, పొయ్యి మీద కుతకుతలాడే జొన్న గట్కతోనూ, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల తొక్కుతోనూ కలిసిపోయి, ఏది దేని వాసనో తెలియకుండా మేము తిని లేచేవాళ్ళం. చలికాలం వరికోతలు అయిపోయాక పిల్లలమంతా పొలాల్లో రాలిన పరిగె ఏరుకొని, ఆ వడ్లు దుకాణంలో పోసి, మరమరాలూ బెల్లం ముక్కా తెచ్చుకొని, కాలువ గట్టు మీద కాళ్ళు వేలాడేసుకొని తినేవాళ్ళం. ఎండాకాలం వచ్చిందంటే ఈత పండ్లతో నాలుకలు వగరెక్కేవి, ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారేవి, మధ్యాహ్నం పూట దొడ్డి నీడలో అచ్చెంగాయల ఆట మీద కొట్లాటలు జుట్లు పట్టుకునే దాకా పోయేవి.

కోతలైన పొలాల్లో రాత్రిపూట మందను పడుకోబెడితే ఆ పొలానికి అంతకు మించిన ఎరువు లేదని అప్పట్లో రైతులకు గట్టి నమ్మకం. ‘ఓ లింగయ్యా, మా మడిల మంద పెట్టవా జర’ అని మా నాయిన కోసం ఇంటికి మనుషులు వచ్చేవాళ్ళు. నాయిన గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని, అటు పెద్దవూర దాకా కూడా మందను తోలుకుపోయేవాడు. తిరిగొచ్చిన రోజు ఆయన గొంగడిలో దూరి పడుకోవడానికి నేను సాయంత్రం నుంచే కాచుకొని ఉండేదాన్ని. ఆ గొంగడి వెంట్రుకలు ఒళ్ళంతా గుచ్చుకునేవి, అయినా వదిలేదాన్ని కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా నాయిన పోయాడు. జీతగాడు రాని ఒక పొద్దున, ఒంట్లో కాస్త వెచ్చగా ఉన్నా, అమ్మ కట్టిచ్చిన సద్ది పట్టుకొని ఆయనే మందతో పోయాడు. కాలువ గట్టు మీద పోతుంటే పొట్టేలు పిల్ల ఒకటి జారి నీళ్ళలో పడింది. దాని కోసం ఈయన దిగాడు. కాలువ లోపలి వాలు నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికేమీ ఉండదు, పైగా అప్పుడు నీళ్ళు నిండుగా వదిలారు. నాయినకు ఈత రాదు. పొట్టేలు పిల్ల ఎక్కడో కింద గట్టెక్కి మంద వెతుక్కుంటూ వచ్చేసింది. మా నాయినను మాత్రం మనుషులు మోసుకొచ్చారు.

మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్ళు ఊరికే కన్నీళ్ళు తుడుచుకోరు. ఎదురుగా కూర్చుని, ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసుకొని, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ళు ఏం చేశారో, ఏం తిన్నారో, ఏమన్నారో ఒక్కొక్కటే పేరుపెట్టి చెప్పుకుంటూ, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటూ. చుట్టాలు ఎప్పుడొచ్చినా, ఏడాది తర్వాత వచ్చినా, ముందు ఆ ఏడుపు అయ్యాకే మంచినీళ్ళు. మా నాయినమ్మ ఆ ఏడుపులో ఊరికంతటికీ పెద్ద. ఆమె రాగం ఎత్తుకుంటే దారిన పోయే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఆగి కండ్లు ఒత్తుకొని పోయేవాళ్ళు. అలాంటి మనిషి కన్నకొడుకు కోసం ఎట్లా ఏడ్చిందో ఇక నేను వేరే చెప్పాలా?

ఏడుపంతా ఒక ఎత్తు, దాని చివర వచ్చే మాట ఒక్కటీ ఒక ఎత్తు. ‘ఆ పొద్దు ఇది సద్ది గట్టి తోలకుండ ఉంటే, ఇయ్యాల నా కొడుకు గీ గడపల కూసోని అన్నం తినేటోడు.’ ఇది అంటే మా అమ్మ. సైదమ్మ అనే పేరు నాయినమ్మ నోట్లోంచి ఆ రోజుతో పోయింది. వచ్చిన ఆడవాళ్ళందరి మెడలూ పట్టుకొని ఏడ్చింది గానీ, అమ్మ మెడ మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అమ్మ దగ్గరకు పోతే మొహం పక్కకు తిప్పుకునేది. చుట్టాలు వచ్చినప్పుడు ఆ మాట, పండుగ వస్తే ఆ మాట, కంచంలో అన్నం పెట్టుకున్నప్పుడు ఆ మాట. అమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. వంచిన తల వంచినట్టే ఉంచి, పొద్దున లేచి దొడ్డి ఊడ్చి, మందతో పోయి, సాయంత్రం వచ్చి వండి, అత్త కంచం ముందు అన్నం పెట్టి, తాను పొయ్యి దగ్గర కూర్చుని నాలుగు మెతుకులు తినేది. మా అమ్మ మెడ ఎముకలు లెక్కపెట్టేంతగా బయటికి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

నేను పదో తరగతికి వచ్చిన ఏడాది వానాకాలంలో మా మేనమామ చిలుకూరు నుంచి లూనా మీద దిగాడు. కోదాడ పక్కన ఉండేవాడు కాబట్టి ఆయన మాట మా మాటలా ఉండదు, కొంచెం ఆంధ్ర వాసన వేస్తుంది. ‘ఎన్నాళ్ళని పడతావక్కా? మనిషివేనా నువ్వు? అద్దంలో చూసుకున్నావా? పెత్రమాసకు వస్తాను. పిల్లను తీసుకొని వచ్చెయ్. గొర్రెలు అమ్మేద్దాం’ అన్నాడు. మామ పోయాక అమ్మ దొడ్డిలో ఒంటరిగా నిలబడి ఒక్కొక్క గొర్రె వీపు నిమురుతూ చాలాసేపు ఉండిపోయింది. అప్పుడు నాకు అర్థమైపోయింది, అమ్మ పోవడానికే నిశ్చయించుకున్నదని.

ఉంటే అమ్మ ఆ మాటకు కరిగి కరిగి పోతుంది. పోతే నాయినమ్మ ఆ ఇంట్లో ఒక్కతే, ఎవరి మీద వేసి ఏడ్వాలో కూడా తెలియకుండా, గోడలతో మాట్లాడుకుంటూ పోతుంది. తిట్టినా కొట్టినా నాయినమ్మే కదా నా జడ వేసేది. నేనంటే ప్రాణమామెకు. నన్ను కాలువ వైపు చూడనిచ్చేది కాదు. బతుకమ్మ పూల కోసం పోతానంటే కూడా ‘తంగేడు పూలు గుట్టకు గూడ ఉంటయ్, గుట్టకే పో’ అని దారి మళ్ళించేది. వీళ్ళిద్దరిలో ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదలాలి? దేవుడా, పెత్రమాస రాకుండా చూడు అని మొక్కుకున్నాను. అది బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, రాకుండా ఎట్లా ఉంటుంది, నా పిచ్చి కాకపోతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేవదానం సారు మిక్స్‌డ్ కండిషనల్స్ మొదలుపెట్టారు. కోదాడ మనిషి. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదిరేది కాదు, జేబులో ఎప్పుడూ చిన్న బైబిలు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మాకు టెన్సులు చెప్పేవారు, అందుకేనేమో పాస్ట్ పర్ఫెక్ట్ కూడా చెవులకు ఇంపుగానే ఉండేది, బుర్రకే ఎక్కేది కాదు. బోర్డు మీద ‘ఇఫ్ హి హ్యాడ్ స్టడీడ్, హి వుడ్ బి ఎ టీచర్ నౌ’ అని రాసి మా మొహాలు చూశారు. మేము ఆయన మొహం చూశాము. మొదటి ముక్క పోయిన కాలం, రెండో ముక్క ఇప్పటి కాలం, ఒకే వాక్యంలో రెండు కాలాలు ఎట్లా ఇముడుతాయని మాలో తెలివైనవాడని పేరున్న సైదులుకే అర్థం కాలేదు.

‘ఒరేయ్, ఇది ఇంగ్లీషోళ్ళ సొత్తేం కాదురా’ అన్నారు సారు, చాక్‌పీసు బల్ల మీద పడేసి. ‘నిన్న చెయ్యలేదు, అందుకని ఇవాళ లేదు. అంతే సంగతి. మీ ఇళ్ళల్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి అనుకునేది ఇదే. చెవులు పెట్టి వింటే తెలుస్తుంది. ఏదీ, తెలుగులో ఒక్కొక్కరూ ఒకటి చెప్పండి చూద్దాం.’

అబ్బో, ఇక చూడాలి మా తరగతిని. సైదులు లేచి ‘మా తాత సూర్యాపేట కాడ రోడ్డు పక్క జాగ గప్పుడు కొనుంటే, ఇయ్యాల మేం కారుల తిరిగేటోళ్ళం సార్’ అన్నాడు. ఆ మాట అనని ఇల్లు మా చుట్టుపక్కల ఊళ్ళలో లేదు కాబట్టి తరగతంతా గొల్లుమంది. ఇంకొకడు ‘మా నాయిన మిల్లుల జీతం ఇడ్సిపెట్టకుంటే ఇయ్యాల మిర్యాలగూడల మాకు ఇల్లుండేది’ అన్నాడు. వెనక బెంచీ పోచయ్య తల గోక్కుంటూ ‘నన్ను కనకుండ ఉంటే మా అమ్మ ఇయ్యాల సుఖంగ ఉండేది సార్, రోజు గదే అంటది’ అంటే, నవ్వాలో వద్దో తెలియక సారు దగ్గారు. నా వంతు వచ్చేలోపు గంట కొట్టారు. హమ్మయ్య అనుకున్నాను. మా ఇంటి వాక్యం నవ్వే వాక్యం కాదు.

‘రేపటికి పేజీ నిండా రాసుకు రండి’ అన్నారు సారు పోతూ పోతూ. ‘గైడు చూసి రాశారో, చెవులు పిండుతాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ముందు తెలుగులో, పక్కన ఇంగ్లీషులో.’

పెత్రమాస ఇంకా వారం కూడా లేదు. ఆ సాయంత్రం అమ్మ మంద తోలుకొచ్చి, దొడ్డి తడిక వేసి, మలీద ముద్దల కోసం రోట్లో రొట్టెలు, బెల్లం వేసి దంచుతోంది. మలీద అంటే పండుగ ముందు నుంచే నోరూరే పిచ్చి నాది. ఆ రోజు మాత్రం రోలు దగ్గరకు పోకుండా, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని గడపలో నాయినమ్మ పక్కన కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఏ ఉపాయమూ లేదు. పేజీ నిండాలి, అంతే. ఆ వాక్యాలు చెప్పడంలో ఊళ్ళో మా నాయినమ్మను మించినవాళ్ళు లేరని మాత్రం తెలుసు.

‘నాయినమ్మా, గట్ల జేసుంటే ఇయ్యాల గిట్లుండేది అని అంటవు గదా, గసొంటి మాటలు జెప్పు. మా సారు రాసుకరమ్మన్నడు.’

నాయినమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ‘నా ఏడుపు గూడ ఇస్కూల్ల రాపిస్తుండా మీ సారు? ఆయనకేం పనిలేదా?’

‘రాయకుంటే కొడ్తడు.’

‘కొడ్తడా? సెయ్యి ఇరగ!’ అని సారును ఒక్క శాపం పెట్టి, మనవరాలికి దెబ్బలు పడతాయన్న భయంతో గొంతు సవరించుకుంది. మొదటిది ఏం చెబుతుందో నాకు తెలుసు. రోలు దగ్గర అమ్మకూ తెలుసు. ‘ఆ పొద్దు ఇది సద్ది గట్టి తోలకుండ ఉంటే...’ రోకటి దెబ్బ ఒక్క క్షణం ఆలస్యంగా పడింది, మళ్ళీ మామూలైంది. నేను తల వంచుకొని రాసుకున్నాను.

‘ఇంకోటి.’

‘జీతగాడు ఆ పొద్దు వచ్చుంటే, ఇయ్యాల నా కొడుకు నా కండ్ల ముంగట తిరిగేటోడు.’

‘ఇంకోటి.’

‘సాగర్ల నీళ్ళు ఆ పొద్దు ఇడువకుంటే.’ రాశాను. ‘ఆ పొట్టేలు పిల్లను పోయిన సంతల అమ్ముంటే.’ రాశాను. ‘మీ తాత గీ కాలువ ఊరికి గాకుండ ఇంకో ఊరికి వచ్చి బతికుంటే.’ అదీ రాశాను. ఆమె చెబుతుంటే ఒకటి గమనించాను. మొదటి మాట మూడేళ్ళుగా అని అని అరిగిపోయిన మాట, రాగంతో సహా వస్తుంది. తర్వాతవి అట్లా రావడం లేదు. ఒక్కొక్కటీ ఆలోచించి, ఎక్కడో వెతికి, తడిమి తెచ్చి ఇస్తోంది. గొంతు తగ్గిపోతోంది. పేజీలో ఇంకా కొంచెం చోటు మిగిలింది.

‘ఇంకొక్కటి నాయినమ్మా. అయిపోతది.’

నాయినమ్మ చేతిలో తమలపాకు చుట్టి చుట్టి నలిపేసింది. వీధిలో ఎవరిదో మేక పిల్ల అరుస్తోంది. అప్పుడు, నాతో కాదు, ఎదురుగా ఉన్న ఖాళీ వాకిలితో అన్నట్టు అన్నది.

‘నేను వాన్ని బాయిల దిగనిచ్చుంటే, ఇయ్యాల వాడుండేటోడు.’

నేను కలం పక్కన పెట్టేశాను.

‘వాని కంటె ముందుగాల పుట్టినోళ్ళు ఒక్కలు దక్కలే బిడ్డా. వీడు దక్కిండు. ఊళ్ళె పోరగాళ్ళందరు ఎండకాలమొస్తె బాయిలల్ల దుంకి ఈత నేర్సుకుంటుంటే, నేను వాన్ని దిగనియ్యలే. ఒట్టు పెట్టిచ్చుకున్న. వాళ్ళు ఈత గొడ్తుంటే నా కొడుకు ఒడ్డు మీద కూసోని వాళ్ళ అంగీలకు కావలి ఉండేటోడు. ఏడ్సుకుంట ఇంటికొచ్చేటోడు, అమ్మా, నన్నొక్కసారి దుంకనియ్యే అని. దిగనియ్యలే. నీళ్ళల్ల పోతడని దిగనియ్యలే. నేను జేసిన్నే. నా కొడుకును నేనే పోగొట్టుకున్ననే...’

రోకలి ఆగిపోయింది. నేను తల తిప్పి చూసేలోపే అమ్మ వచ్చేసింది. చేతులకు బెల్లం, రొట్టె పొడి అట్లాగే అంటుకొని ఉంది. నాయినమ్మ ఎదురుగా కింద కూర్చుని, అడగకుండా, భయపడకుండా, ఆ రెండు జిగట చేతులూ అత్త మెడ చుట్టూ వేసింది. నాయినమ్మ మొహం తిప్పుకోలేదు.

‘బతకాలెననే గద అత్తా నువ్వు దిగనియ్యంది’ అన్నది అమ్మ.

నాయినమ్మ నోట్లోంచి మూడేళ్ళ కింద పోయిన పేరు మళ్ళీ వచ్చింది. ‘సైదమ్మా... నువ్వు గూడ వాని కడుపు నిండాలెననే గదనే సద్ది గట్టినవ్.’

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎత్తుకున్న రాగం నా జన్మలో మరువను. నాయిన పోయినప్పుడు అమ్మ ఏడ్వాల్సిన ఏడుపంతా లోపలే దాచిపెట్టుకుంది కదా, అదంతా ఒక్కసారి తెగింది. ఆయన గొంగడి కప్పుకునే తీరు, జొన్న గట్కలో ఉల్లిగడ్డ కొరుక్కునే తీరు, జాతరలో నన్ను భుజాన ఎక్కించుకొని తప్పిపోయిన సంగతి, ఒకరు ఆపితే ఒకరు అందుకొని, ఒకరికి గుర్తు లేనిది ఇంకొకరు గుర్తు చేసి. పక్కింటి మల్లమ్మ చేతిలో చేటతో సహా ఉరికి వచ్చి ‘ఎవలు సచ్చిన్రే! ఎవలు సచ్చిన్రే!’ అని గుండెలు బాదుకుంది. ఎవరూ చావలేదని నేను చెప్పేసరికి, ‘మరి గింత ఏడుపెందుకు, నా పానం పోయినట్టాయె’ అని మమ్మల్ని నాలుగు తిట్లు తిట్టి, తిడుతూనే తానూ కూర్చుని ఏడ్చి పోయింది. నేనెందుకు ఏడ్చానో నాకు తెలియదు గానీ నేనూ ఏడ్చాను. ఆ రాత్రి మేం ముగ్గురమూ ఒకే గిన్నె చుట్టూ కూర్చుని అన్నం తిన్నాము.

చివరి వాక్యం నేను రాయలేదు. అది లేకుండానే పుస్తకం సారుకు ఇచ్చాను. ఆయన నిలబడి అంతా చదివి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా ఇంగ్లీషులో నేను తప్పు రాసిన క్రియలు మాత్రం దిద్ది ఇచ్చారు. పాఠం నాకు ఆయన దిద్దుబాటు కంటే ముందే వచ్చేసింది. ఇఫ్ వెనకున్నది ఎప్పుడో జరిగిపోయింది, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. నౌ ముందున్నది ఇంకా కంచంలోనూ, గడపలోనూ, పక్కలోనూ లేకుండానే ఉంది. ఆ రెంటి మధ్య ఒక చిన్న కామా ఉంటుంది, మా నాయినమ్మ అన్నేళ్ళూ అక్కడే కూర్చుని ఏడ్చింది. పరీక్షలో ఆ ప్రశ్న నేను తప్పు చెయ్యలేదు.

పెత్రమాస పొద్దున్నే మామ లూనా వాకిట్లో ఆగింది. ‘సర్దుకున్నావా అక్కా?’ అన్నాడు కిందకు దిగకుండానే. అమ్మ గుమ్మడికాయ కోస్తూ తలెత్తి ‘నేను రాను తమ్మీ’ అన్నది. మామకు కోపం వచ్చింది. ‘ఏం, ఇంకా పడతావా?’ అన్నాడు. ఆయన గట్టిగా ఇంకేదో అనబోతుండగా లోపల్నుంచి నాయినమ్మ గొంతు వినిపించింది. ‘సైదమ్మా, తమ్ముడొచ్చిండు గదనే, గారెలు వేడివేడిగ ఎయ్యి. పిల్లగాడు ఎంత దూరం నుంచి వచ్చిండో ఏమో.’ మామ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయి, లూనాకు స్టాండు వేసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గారెలు తిన్నాడు, పాయసం తాగాడు, మలీద ముద్దలు మూట కట్టించుకొని పోయాడు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు అమ్మ మూడేళ్ళ తర్వాత చప్పట్లు కలిపింది. నేను గుట్టకే పోయి తెచ్చిన తంగేడు పూలు, నాయినమ్మ దగ్గరుండి పేర్చింది.

వాళ్ళిద్దరూ ఆ తర్వాత కొట్లాడుకోలేదని కాదు. అత్తాకోడళ్ళు కదా, ఉప్పు దగ్గర, పాల దగ్గర రోజూ పంచాయతీయే. కానీ ఆ మాట మాత్రం మళ్ళీ మా ఇంట్లో వినిపించలేదు. నేను మిర్యాలగూడలో డిగ్రీ చదువుతుండగా నాయినమ్మ పోయింది. బస్సు దిగి ఉరుక్కుంటూ పోయేసరికి అమ్మ రాగం ఊరి మొదట్లోకే వినిపించింది. నా నెత్తికి నూనె రాసినవ్ అత్తా, నాకు జొరమొస్తె గంజి కాసి తాపినవ్ అత్తా, నా బిడ్డను బడికి తోలినవ్ అత్తా అని ఒక్కొక్కటే చెప్పి ఏడుస్తోంది. ఆ ఏడుపంతా నిలబడి విన్నాను. అందులో ఎక్కడా ఒక్క ‘ఉంటే’ రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో మందలు లేవు. కోతలు మిషన్లు కోస్తున్నాయి, గడ్డి కట్టలు కట్టి లారీలకు ఎత్తుతున్నారు, రాలిన గింజ ఏరే పిల్లలూ లేరు, మడిలో మంద పెట్టమని పిలిచే రైతులూ లేరు. పోయినేడు చిలుకూరులో మా మామ పోతే పోయి చూశాను. ఐసు పెట్టె, టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, స్పీకర్లో భజన పాటలు. ఆడవాళ్ళందరూ కుర్చీల్లో కూర్చుని చేతిరుమాళ్ళతో కండ్లు ఒత్తుకున్నారు. మా అమ్మ తన తమ్ముడి పెట్టె దగ్గర కూర్చుని రాగం ఎత్తుకోబోతే, ఆ ఇంటి కోడలుపిల్ల మర్యాదగానే వచ్చి భుజం పట్టుకొని ‘ఊరుకోండి అత్తమ్మా, బీపీ పెరుగుద్ది’ అని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నా తరగతి పిల్లలను ఇంట్లో అడిగి ఇఫ్ వాక్యాలు రాసుకు రమ్మంటే అందరూ ఫోనులోంచి ఒకే వాక్యం దింపుకొస్తున్నారు. అదేమిటర్రా అంటే, ‘మా ఇంట్ల ఎవరు గట్ల మాట్లాడరు మేడం’ అంటారు. పాపం, వాళ్ళను ఏమనాలి?

అమ్మ ఇప్పుడు సూర్యాపేటలో నా దగ్గరే ఉంటుంది. మొన్న ఆదివారం గోంగూర తెంపుతూ కూర్చున్నాము. ‘నాయిన ఉండి ఉంటే ఇప్పుడెట్ల ఉండేదమ్మా మనకు?’ అని అడిగాను, ఊరికే.

‘ఏమో బిడ్డా. మంచిగుండేదో, కొట్టుకొని సచ్చేటోళ్ళమో, ఎవరికెరుక?’ అని నవ్వింది. కాసేపు ఆకు తెంపి, ‘గని రేణుకా, నేను పోతె నువ్వు ఏడుస్తవా?’ అన్నది.

‘ఏం మాటలమ్మా అవి? ఏడ్వనా మరి?’

‘కండ్లల్ల నీళ్ళు గాదే. రాగం దీసి. మా అత్తకు నేను ఏడ్సినట్టు.’

నోట్లో చాక్‌పీసు పొడి పెట్టుకొని పాతికేళ్ళుగా పిల్లలకు భాష నేర్పుతున్నాను, ఇది మాత్రం నాకు రాదు. ‘రాదమ్మా’ అన్నాను.

‘నాకెరుకలే. అందుకే ఇప్పుడే ఒకపారి సూపియ్యి, నేను వింట. పోయినంక ఎట్లేడ్సినవో నాకేం తెలుస్తది?’

వద్దమ్మా, అపశకునం అన్నాను. తిట్టింది. గోంగూర చేట పక్కకు జరిపింది. నా చేతులు తానే పట్టుకొని తన మెడ చుట్టూ వేసుకుంది. నా చిన్నప్పుడు బయటికి కనిపించిన ఆ ఎముకలు మళ్ళీ అట్లాగే చేతికి తగిలాయి. ‘అమ్మా...’ అని మొదలుపెట్టి ఆగిపోయాను.

‘అమ్మా కాడ గంత జల్ది దిగొద్దు, జర సాగదియ్యాలె’ అన్నది. నేను మళ్ళీ అన్నాను, ఈసారి సాగదీసి.

‘ఆఁ, గట్ల. ఇగ చెప్పు, నేను నీకేమేం జేసిన్నో’ అని, వినడానికి కండ్లు మూసుకుంది.